మారుపలుకు

రోజు 1. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు 72.

గాలి ముల్లు లెక్క రాసే ఈ పుస్తకంలో వేళ, అంకె, సంతకం తప్ప ఇంకేమీ రాయకూడదని సభవారి ఉత్తర్వు. కానీ ప్రతి పేజీలో కుడివైపున "విశేషాలు" అని జానెడు గడి కూడా వాళ్ళే గీయించారు. ఎనిమిదేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. ఇవాళ ఉన్నాయి. సాయంత్రం మా వరసలో సినిమా వేస్తున్నారు. అది వరహాలరావు మీద తీసిన సినిమా. అందులో నేను కూడా ఉన్నానట.

వరహాలరావు ఈ ఏడో వరసకి గాలి అధికారి. అంటే ఒకప్పుడు. చంద్రుడి రాతి కింద గోతులు తవ్వుకుని బతుకుతున్న మాకు రావలసిన గాలిని అధికారుల తోటకి మళ్ళించాడు. అక్కడ వాళ్ళు బాడ్మింటన్ ఆడుకునేవారు. ఇక్కడ స్పీకర్లలో మాత్రం ఒకరోజు రికార్డు చేసిన గొంతే పదకొండు నెలలు వినిపించాడు: "డెబ్బై రెండు. అంతా నిండుగానే ఉంది." అప్పట్లో గాలి ఎంతుందో చూపించే ముల్లు అద్దం తుడిచే పని నాది. ముల్లు దిగిపోవడం నా కళ్ళతో చూసి కనబడ్డవాళ్ళందరికీ అరిచి చెప్పాను. నన్ను దుమ్ము ఊడ్చే పనికి మార్చారు. ఒక మధ్యాహ్నం పంతొమ్మిదిమంది పోయారు. అందులో మా అన్నయ్య లచ్చుమన్న ఒకడు.

ఆ తర్వాత స్పీకర్లు పీకేశాం. ఇప్పుడు వరస మొదట్లో ముల్లు దగ్గర నిలబడి, ముల్లు మనిషిగా, నేను అంకె పలుకుతాను. మొదటి గుమ్మంలోవాళ్ళు రెండో గుమ్మానికి, వాళ్ళు మూడో గుమ్మానికి, అలా పలుకుతూ పంపితే అంకె ముప్పై రెండో గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణించి అదే దారిలో తిరిగి నా దగ్గరికి వస్తుంది. అదే మారుపలుకు. పోయిన అంకె, వచ్చిన అంకె ఒకటైతేనే సంతకం. ముల్లు అరవై అయిదు దిగితే అంకె ముందుకి పంపేసి, ఉన్నవాళ్ళు ఉన్నట్టు ఆరో వరసకి నడిచిపోవాలి. చివరి గుమ్మం మారుపలికాకే నేను అడ్డుతలుపు మూయాలి. ముందే మూస్తే ఎవరినో లోపల పెట్టి మూసినట్టు.

ఆ చివరి గుమ్మంలో ఉండేది మా వదిన దాలమ్మ. ఆవేళ బతికి బయటపడింది కానీ ఊపిరితిత్తులు సగమే మిగిలాయి. పొయ్యి దగ్గరినుంచి మంచం దాకా నడిస్తే రొప్పుతుంది. సినిమాకి రమ్మంటే రానంది.

"నానెందుకు సూడాలే? అసలుది నాకాడ ఉన్నాది కదేటి," అంది గుండె మీద చెయ్యి వేసి చూపిస్తూ.

రోజు 2. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు 72.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేను నవ్వాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వాను.

సినిమా పేరు "అంతా నిండుగానే ఉంది". వరహాలరావు వేషం వేసినవాడు ఆరడుగుల మనిషి. నల్ల కళ్ళద్దాలు, చక్రాల కుర్చీ. ఆ కుర్చీలో జర్రుమని జారుతూ వచ్చి, ముల్లు అద్దం మీద వేలితో ఒక్క టక్కు కొట్టి, "ముల్లు మాట నేను వినను. నా మాట ముల్లు వింటది!" అంటాడు. ఆ టక్కుకి ముల్లు ఎగిరి డెబ్బై రెండు మీద నిలబడుతుంది. హాలు హాలంతా ఈలలు.

నా వేషం కూడా ఉంది. పేరు కేకలమ్మ. జుట్టు రేపుకుని, కొంగు జారిపోతూ, "యాభై ఎనిమిదీ! యాభై ఏడూ!" అని పరిగెడుతుంది. ఆమె వచ్చినప్పుడల్లా వాడు చెవుల్లో దూది పెట్టుకుంటాడు. నవ్వకుండా ఎలా ఉంటాం? చివర్లో వాణ్ణి పట్టుకుపోతారు. పంతొమ్మిదిమంది పేర్లు తెర మీద పైకి పోయాయి. అప్పటికే జనం లేచి కుర్చీలు మడుస్తున్నారు. అన్నయ్య పేరు ఎవరి తలకాయో అడ్డొచ్చి నాకు సగమే కనపడింది.

ఇంటికొచ్చి పడుకున్నాక ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక నా మీదే మండింది.

రోజు 11. పగలు పన్నెండు. పలుకు 72. మారుపలుకు రాలేదు.

అంకె రాలేదు గానీ శబ్దం వచ్చింది. "నా మాట ముల్లు వింటది!" అని వచ్చింది. పద్నాలుగో గుమ్మంలో ఉండే సూరిదేముడు మొదలెట్టాడట. కుండలు మోసే పనిచేస్తాడు, మంచివాడు. అన్నయ్య శవాన్ని మోసినవాళ్ళలో ఒకడు. రెండోసారి పలికితే బుద్ధిగా 72 అని పంపారు. పన్నెండు సెకన్ల ఆలస్యం.

నేను వెళ్ళి అడిగితే చెంపలు వేసుకున్నాడు. "తప్పయిపోనాది అప్పా. నోటికొచ్చీసినాది. ఏటి సెయ్యను, బలే ఉన్నాది ఆ డైలాగు!"

బాగుంది కాబట్టే భయం వేసింది నాకు. బాగుండకపోతే ఒక్కసారి అని ఊరుకునేవాడు.

రోజు 23. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు, రెండోసారికి, 72.

ఇప్పుడిది అలవాటయింది. మొదటిసారి డైలాగు, రెండోసారి అంకె. మూడో వరస ముల్లు మనిషి చక్రాల కుర్చీ చేయించుకున్నాడు. అయిదో వరసలో పెళ్ళికొడుకు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. చంద్రుడి మీద ఎండకి మాకు కళ్ళద్దాలు కావాలంటే అర్థం ఉంది. రాతి కింద ఎవడికి కావాలి?

సభ అధ్యక్షురాలికి ఫిర్యాదు ఇచ్చాను. ఆవిడ చదువుకున్న మనిషి. కాగితం మొత్తం చదివి, మొహం చిన్నబుచ్చుకోకుండా అంది: "జనం ఉత్సాహపడుతున్నారమ్మా. ఇదివరకు పలకడానికి బద్ధకించేవాళ్ళు కూడా ఇప్పుడు పలుకుతున్నారుగా?"

"ఏం పలుకుతున్నారో చూడండమ్మా," అన్నాను.

"రెండోసారి సరిగ్గానే వస్తోందిగా!" అని నవ్వింది. నేను బయటికి వస్తుంటే ఆవిడ గుమస్తా, నేను చూడలేదనుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చూపించాడు. గదంతా కిసుక్కుమంది. కేకలమ్మ వచ్చి వెళ్ళిందన్నమాట.

రోజు 40. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు, రెండోసారికి, 72.

సినిమా తీసిన విభావసు గారికి పై హాలులో సన్మానం జరిగింది. పని మార్చుకుని వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాడు, అది ముందే రాయాలి. రెండేళ్ళ కిందట నా గదికి వచ్చి, నేల మీద కూర్చుని, మూడు రోజులు నేను చెప్పిందంతా రాసుకున్నాడు. ఏడ్చాడు కూడా. ఆయన సినిమా వచ్చాకే అధికారుల తోట మూసి ఆ గాలి ఆసుపత్రికి ఇచ్చారు. అది నేను కాదనను.

"వరహాలరావు ఎప్పుడైనా కళ్ళద్దాలు పెట్టాడా బాబూ?" అని అడిగాను.

"లేదండీ."

"టక్కు కొట్టాడా?"

"అది మా కల్పన."

"మరి నేను చెప్పింది ఏమైంది? ఎప్పుడూ జలుబుతో ముక్కు కారుతూ, నేలచూపులు చూస్తూ, 'పైవాళ్ళు చెప్పారు, నన్నడక్కండి' అని గొణిగేవాడని చెప్పాను. కుర్చీలోంచి లేవడానికి బద్ధకించి నిన్నటి అంకె వేసేవాడని చెప్పాను. అదేదీ తియ్యలేదేం?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అలా తీస్తే బోరు కొడుతుందండీ. అలాంటివాణ్ణి రెండు గంటలు ఎవరు చూస్తారు?"

"మేం పదకొండు నెలలు చూశాం," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన గొంతు తగ్గించాడు. "నేను వాణ్ణి పొగడలేదమ్మా. ప్రతి సీనులోనూ వాడు దొంగే. జనం వాణ్ణి చూసి నవ్వాలనే తీశాను."

"దొంగే. కానీ తెర మీద ఉన్నవాళ్ళందరిలోకీ అందమైన దొంగ, తెలివైన దొంగ, పాట ఉన్న దొంగ. చచ్చినవాళ్ళకి ఒక్క మాట లేదు. నిజం చెప్పినదానికి జారిపోయే కొంగు పెట్టారు. వాడితో కలిసి నవ్వక జనం ఏం చేస్తారు? నేనే నవ్వాను."

"మా సినిమా రాకపోతే ఆ పంతొమ్మిదిమంది పేర్లు ఎవరికీ తెలిసేవి కావు," అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఒక్క పేరు చెప్పండి."

ఆయన కప్పు వైపు చూశాడు. కప్పు మీద పేర్లు లేవు. నేను వచ్చేశాను.

రోజు 58. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు, మూడోసారికి, 72.

వరహాలరావుకి శిక్షగా దుమ్ము ఊడ్చే పని వేసి ఎనిమిదేళ్ళయింది. ఇవాళ మా వరసలో ఊడ్చే వంతు. ఇదివరకు వాడొస్తే గుమ్మాలు మూసేవాళ్ళం. ఇవాళ అందరూ తీసి నిలబడ్డారు. ఫోటోలు తీయించుకున్నారు. ఎవరో నల్ల కళ్ళద్దాలు తెచ్చి పెట్టారు. వాడు మొదట బిత్తరపోయాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, వీపు నిటారుగా పెట్టి, నా ముల్లు అద్దం దగ్గరికి వచ్చి వేలితో టక్కున కొట్టి, ఆ డైలాగు చెప్పాడు. జన్మలో ఎన్నడూ అనని మాట, సినిమా చూసి నేర్చుకున్నాడు. ఈలలు మోగిపోయాయి.

అద్దం మీద వాడి వేలిముద్ర పడింది. తుడిచాను.

చివరి గుమ్మానికి వెళ్ళి వదినకి చెప్పి ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది.

"ఆళ్ళు ఏటి అరిసినా నాకేటి? మొదటిసారి నవ్వులాట వినపడితే ఓహో, ముల్లు బాగున్నాదిలే అనుకుంటాను. బాగునేకపోతే నవ్వరు కదా," అంది. "నా రొప్పుని నాను నమ్మను. రోజూ రొప్పే. నీ అంకెనే నమ్ముతాను."

అంకె రాకముందే నవ్వు వింటే బాగున్నట్టే అనుకుంటోంది. అలా అనుకోవద్దని చెప్పాను. సరేలే అంది, నన్ను ఊరుకోబెట్టడానికి.

రోజు 71. పగలు పన్నెండు. పలుకు 61. మారుపలుకు రాలేదు.

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

ముల్లు అరవై ఒకటి మీద ఉంది. చివర ఎక్కడో రాతి అతుకు వదిలింది. పలికాను. ఎప్పటిలాగే డైలాగు వెళ్ళింది. మళ్ళీ పలికాను. "అరవై ఒకటి! అరవై ఒకటి!" భయానికి నా గొంతు కీచుమంది. జుట్టు ముడి ఊడింది, కొంగు జారింది. మొదటి గుమ్మంలోవాళ్ళు నన్ను చూసి పొట్టలు పట్టుకున్నారు. కేకలమ్మలా బాగా చేస్తున్నానని చప్పట్లు కొట్టారు. ఒకాయన చెవుల్లో దూది పెట్టుకున్నట్టు నటించాడు. నేను ఎంత అరిస్తే అంత నవ్వారు. నా నిజం అంతా వాళ్ళ కళ్ళకి నటనే అయిపోయింది.

వినోదం చూద్దామని సూరిదేముడు ముందుకి వచ్చాడు. నా మొహం చూశాడు, ముల్లు చూశాడు. "ఒలమ్మో! నిజివేర్రా! అరవై ఒకటిరా!" అని గావుకేక పెట్టాడు. మగవాడి గొంతు కాబట్టి అప్పుడు అంకె పరిగెత్తింది. జనం పరిగెత్తారు. ముప్పై ఒకటో గుమ్మం దాకా అందరూ బయటపడ్డారు. నేను మొదటిసారి పలికినప్పటినుంచి అప్పటికి నాలుగు నిమిషాలు.

చివరి గుమ్మం మారుపలకలేదు.

నేను తలుపు మూయలేదు. గాలిముసుగు పెట్టుకుని పరిగెత్తాను. వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది. అంకె కోసం చెవి బయటికి పెట్టి, గోడకి చేరబడి ఉంది. ముసుగు పెట్టాను. పిలిచాను. అప్పటికే పోయింది.

రోజు 73. ఉదయం ఆరు. పలుకు 72. మారుపలుకు 72, ముప్పై ఒకటో గుమ్మం నుంచి.

అతుకు నిన్ననే పూడ్చారు. విచారణ కూడా అయిపోయింది. ముల్లు మనిషి పలికిందా అని అడిగారు. సూరిదేముడు లేచి చెప్పాడు.

"పలికినాదండి. గట్టిగానే పలికినాదండి. సినిమా ఆడతన్నాదనుకున్నామండి."

అంతే. ఎవరి తప్పూ లేదని తేలింది. "దురదృష్టకరం" అని రాసుకున్నారు. సభలో కూర్చునేవాళ్ళకి పెద్ద పెద్ద తెలుగు మాటలు వచ్చు, నాకు మాత్రం ఆ మాట వింటే ఉమ్మెయ్యాలనిపించింది. దురదృష్టం అతుకు వదిలినప్పటిది. తర్వాతి నాలుగు నిమిషాలకీ అదృష్టానికీ దురదృష్టానికీ ఏ సంబంధమూ లేదు. అవి మేం నవ్విన నిమిషాలు. ఆ నవ్వు ఒకరు కూర్చుని రాసి, ఇంకొకరు నటించి, మాకు నేర్పినది.

ఇప్పుడు అందరూ మొదటిసారికే పలుకుతున్నారు. తలలు వంచుకుని పలుకుతున్నారు. ఎన్నాళ్ళో చూడాలి.

రోజు 112. సాయంత్రం ఆరు. పలుకు 72. మారుపలుకు 72.

విభావసు గారు వచ్చాడు. ఈసారి వదిన మీద సినిమా తీస్తాడట. మనిషి చిక్కిపోయాడు. నా ముందు నిలబడి, ఏమీ అడక్కుండానే పంతొమ్మిది పేర్లూ వరసగా చెప్పాడు. ఇరవయ్యోదిగా వదిన పేరు చెప్పాడు. నాకు కోపం కాస్త తగ్గబోయింది.

"ఈసారి నవ్వుండదమ్మా. చాలా గంభీరంగా తీస్తాను," అన్నాడు.

"వరహాలరావు ఉంటాడా?"

"చిన్న పాత్రే. మొత్తం తీసేస్తే జనం రారు. అదే నటుడు చేస్తున్నాడు. ఈసారి పశ్చాత్తాపపడతాడు. ఒక పాట కూడా..."

తగ్గబోయిన కోపం రెట్టింపయి వచ్చింది. కానీ సినిమాకి అక్కడి వాతావరణం తెలియాలని ఆయన వారం రోజులు వదిన గదిలో ఉండటానికి సభవారు అనుమతి ఇచ్చేశారు. చివరి గుమ్మంలో ఎవరుంటే వాళ్ళే మారుపలకాలి. ఆ నియమం ఒక్కటే చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాను.

రోజు 114. పగలు పన్నెండు. పలుకు 72. మారుపలుకు 72, ఆలస్యంగా.

నిన్నంతా ఆయన చక్కగా మారుపలికాడు. ఇవాళ ఆయన ఇక్కడున్నాడని తెలిసి మిగిలిన వరసల నుంచి జనం వచ్చిపడ్డారు. ముల్లు దగ్గరి నుంచి చివరి గుమ్మం దాకా కిక్కిరిసిపోయారు. సగంమందికి నల్ల కళ్ళద్దాలు. పన్నెండు కొట్టింది. పలికాను. ఆయన చెవిన పడాలని ఆ వచ్చినవాళ్ళంతా ఒక్కసారిగా డైలాగు అందుకున్నారు. మా వరసవాళ్ళు పాపం అంకె పంపాలని చూశారు. ఆ హోరులో మూడో గుమ్మం కూడా దాటలేదు.

కాసేపటికి చివర నుంచి ఆయన గొంతు వినిపించింది. "అంకె ఎంత?" జనం ఈల వేశారు. "అంకె ఎంతండీ? నాకు వినపడలేదు!" కొత్త సినిమాలో సీను చూపిస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. మూడోసారి ఆ గొంతు కీచుమంది. "ఎవరైనా చెప్పండర్రా! ఎంతుంది?" నవ్వులు కప్పు తాకాయి.

పది సెకన్లలో మారుపలుకు రాకపోతే ముల్లు మనిషి మళ్ళీ పలకాలి. అది నియమం. నేను పలకలేదు. గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆయన జనాన్ని తోసుకుంటూ, తడబడి, చంద్రుడి తేలిక బరువుకి ఎగిరి కప్పుకి తల కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నా ఎదురుగా వచ్చి నిలబడి రొప్పాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అంకె ఎంతని చేత్తో అడిగాడు.

అప్పుడు పలికాను. ఆయన నా మొహంలోకి చూస్తూ అదే అంకె తిరిగి చెప్పాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఒక నిమిషం ఆలస్యం జరిగింది. కావాలనే చేశాను. వదినకి నాలుగు నిమిషాలు పట్టింది, ఈయనకి ఒకటి ఇచ్చాను. ఇది తప్పే. సభవారు ఈ పేజీ చూసి ఉద్యోగం తీసేస్తే మారు మాట్లాడను. కానీ నిన్నటి అంకె చూసి రాసినవాళ్ళ పుస్తకంలా ఇది ఉండకూడదని, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెడుతున్నాను.

ఆ నిమిషమంతా ముల్లు డెబ్బై రెండు మీదే ఉంది. నేను పలికేదాకా ఆయనకి ఆ సంగతి తెలియదు.

— అసిరితల్లి, ముల్లు మనిషి, ఏడో వరస